మూగ కిటికీ

ఆ కిటికీ వైపు చూడకూడదట.

నది అవతలి ఒడ్డున మూతపడ్డ నూలు మిల్లు ఉంది. దాని పై అంతస్తులో, నీళ్ళ వైపు, అద్దాల్లేని కిటికీ ఒకటి. పొద్దు వాలి దీపాలు వెలిగే వేళకి అక్కడ ఒక ఆడమనిషి వచ్చి నిలబడుతుందట. నోరు తెరుస్తుంది, మూస్తుంది, చేతులు తిప్పుతుంది... గొంతు మాత్రం ఉండదు. ఆమెనే చూస్తూ నిలబడ్డవాళ్ళకి మెల్లిగా చెవులు వినపడటం మానేస్తాయట. పక్కనుంచి పిలిచినా పలకరు. చివరికి ఆమె పిలుపొక్కటే వినపడుతుంది — ఆ తర్వాత మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే.

ఆ పేటలో దాన్ని మూగ కిటికీ అంటారు.

ఇది నేను చూసింది కాదు. మా పిన్ని కూతురు చెప్పింది. దాన్ని చిన్నప్పట్నుంచీ మేమంతా వాగుడుకాయ అనే పిలుస్తాం. అది చెప్పింది చెప్పినట్టు రాస్తే పెద్ద గ్రంథమవుతుంది గనక, తాలు చెరిగేసి గింజలు మాత్రం మీ ముందు పెడుతున్నాను.

వాగుడుకాయ ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తుంది. పగలంతా నొప్పులవాళ్ళతో మాట్లాడి, ఇంటికొచ్చి మొగుడితో మాట్లాడుతుంది. మా మరిదిగారు పడవల ఇంజన్లు బాగుచేసే మెకానిక్. ఆయన నోట్లోంచి మాట రావాలంటే స్పానర్ పెట్టి తిప్పాలి. వీళ్ళిద్దరికీ ఎలా కుదురుతుందా అని పెళ్ళిలో మేం గుసగుసలాడుకున్నాం. కుదిరింది. అది మాట్లాడుతుంటే ఆయన కళ్ళు సగం మూసుకుని, రేడియో వింటున్నట్టు వింటూ కూర్చునేవాడు.

"మీ చెల్లెలి గొంతు చెవిన పడకపోతే నాకు ముద్ద దిగదు వదినా" అని ఒకసారి నాతో అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే.

వాళ్ళు కొత్తగా చేరింది ఆ పాత మిల్లుల పేటలోనే. ఇవతలి ఒడ్డున ఒకప్పటి నేత షెడ్డు, అవతల నూలు మిల్లు, మధ్యలో నడిచి దాటే ఇనప వంతెన. నేత షెడ్డుని ముక్కలుగా కోసి ఇళ్ళు చేశారు. వీళ్ళ ముందు గది మధ్యలో ఇనప స్తంభం ఉంది, దాన్ని తీస్తే పై ఇంటివాళ్ళు కిందికొస్తారు. నేల మీద మగ్గాలు బిగించిన బోల్టుల గుర్తులు. ఎంత తోమినా పోని నూనె మరక ఒకటి. వాగుడుకాయ దాని మీద చాప పరిచి, మరక సంగతి మర్చిపోయినట్టు నటిస్తుంది.

మొదట్లో సెలవు రోజుల్లో ఇద్దరూ పేటంతా తిరిగేవాళ్ళు. అద్దకపు సందులో గోడలకి ఇంకా నీలం రంగు అంటుకునే ఉంది. బాయిలర్ గదిలో ఇప్పుడు సైకిళ్ళు అద్దెకిస్తున్నారు. పొగగొట్టం కింద టీ కొట్టు. వంతెన పక్కనే చిన్న ఆనకట్ట, అక్కడ నీళ్ళు దూకే హోరు పగలూ రాత్రీ ఆగదు. వంతెన మీద నిలబడి మాట్లాడితే పక్కనున్న మనిషికి కూడా వినపడదు. వాగుడుకాయకి ఆ పేటలో నచ్చనిది అదొక్కటే.

మూగ కిటికీ సంగతి చెప్పింది టీ కొట్టాయన.

"మీ బాల్కనీ నది వైపేనా?" అన్నాడు గొంతు తగ్గించి. "అయితే సాయంత్రాలు అక్కడ ఎక్కువసేపు నిలబడకండి."

వాగుడుకాయ కథంతా విని పకపకా నవ్వింది. "నోరు పెగలకపోతే ఇంకెందుకండీ ఆ దెయ్యం బతుకు!"

"అది బతికి లేదమ్మా" అన్నాడాయన, గ్లాసులు కడుగుతూ.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత... మా మరిదిలో తేడా వచ్చింది.

వెనకనుంచి పిలిస్తే పలకడు. ఫోన్ మోగితే ఎవరా అని చూసి, ఎత్తకుండా జేబులో పడేసుకుంటాడు. ఎత్తమంటే "తర్వాత చూస్తాలే" అంటాడు. అంతకుముందు దీపం ఆర్పేశాక చీకట్లో ఇది కబుర్లు చెప్తుంటే ఊఁ కొట్టేవాడు. ఇప్పుడు దీపం ఆరిందంటే అటు తిరిగి పడుకుంటాడు.

వెలుతురులో ఉన్నప్పుడు మాత్రం దీని పెదాల వైపే చూస్తాడు. రెప్ప వెయ్యకుండా.

"మొదట్లో మురిసిపోయానక్కా" అంది వాగుడుకాయ. "ఇన్నాళ్ళకి మనిషికి సరసం తెలిసిందనుకున్నా. కొత్త లిప్‌స్టిక్ కూడా కొన్నా."

లిప్‌స్టిక్ ఆయన గమనించలేదు.

ఇంకో సంగతి. దీపాలు వెలిగే వేళకి ఆయన బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకోవడం మొదలుపెట్టాడు. ఇది తలుపు తీసుకుని వెళ్తే వెంటనే లోపలికొచ్చేస్తాడు. ఏం చేస్తున్నారంటే — "చల్లగాలికి." అంతే. కళ్ళలోకి చూడడు.

ఒక సాయంత్రం అది వంటగదిలో దీపం ఆర్పేసి, కిటికీ పక్కన గోడకి అంటుకుని చూసింది.

ఆయన బాల్కనీ పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. పెద్దగా, మెల్లిగా, మాట మాటా సాగదీసి... గొంతు లేదు. మధ్యలో ఆగుతాడు. అవతలికి చూస్తాడు. తల ఊపుతాడు. మళ్ళీ పెదాలు కదుపుతాడు.

అది కూడా అవతలికి చూసింది.

వంటగదిలోంచి చూస్తే మిల్లు కింది భాగం కనపడదు, పడవల రేకుల షెడ్డు అడ్డం. పై అంతస్తు ఒక్కటే కనపడుతుంది. ఆ అంతస్తులో, ఆ కిటికీలో... ఒక ఆకారం. తల మీద గుడ్డ కట్టుకున్న ఆడమనిషి ఆకారం. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

ఆ రాత్రి దానికి కంటి మీద కునుకు లేదు. పక్కన పడుకున్న మనిషి ఊపిరి వింటూ, "ఏమండీ" అని గుసగుసగా పిలిచిందట.

పలకలేదు.

"ఏమండీ..." ఇంకాస్త గట్టిగా.

ఊఁహూఁ.

మర్నాడు టీ కొట్టాయనకి నోరు జారి చెప్పింది. ఆయన దీని ముఖంలోకి చూసి, "పట్టేసిందమ్మా. చెవులు పోవడం మొదలైందంటే ఇంక ఎంతోకాలం పట్టదు. ఇల్లు మారిపోండి" అన్నాడు.

అది నాకు ఫోన్ చేసింది అప్పుడే. దాని గొంతులో ఏడుపు కంటే కోపమే ఎక్కువుంది.

"దెయ్యమైతే భయపడతానక్కా. ఆడదైతే మాత్రం ఊరుకోను."

"అదేమిటే?"

"ఫోన్లు దాచడం, అటు తిరిగి పడుకోవడం, తలుపేసుకుని సైగలు చెయ్యడం — ఇవి దెయ్యం పట్టినవాళ్ళ లక్షణాలా? వేరే యవ్వారం ఉన్నవాళ్ళ లక్షణాలా? నువ్వే చెప్పు."

"మొగుణ్ణే అడిగెయ్యొచ్చుగా!"

"మామూలు సంగతులే చెప్పని మనిషి, ఇది చెప్తాడా?"

నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానంగానే ఉంది. నోరు విప్పనివాళ్ళని నమ్మకూడదని మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఒక అభిప్రాయం.

ఒక వారం ఆగి, ఓ రోజు "క్లినిక్‌లో పనుంది, ఆలస్యమవుతుంది" అని మొగుడికి మెసేజ్ పెట్టింది. పెట్టి, సాయంత్రానికే బయటపడి, ఇల్లు దాటేసి నేరుగా ఇనప వంతెన ఎక్కింది.

వంతెన మీద ఎవరూ లేరు. కింద నీళ్ళ హోరు. తన అడుగులు తనకే వినపడటం లేదు... వెనక ఎవరైనా వస్తున్నా వినపడదు. అందుకని మాటిమాటికీ తిరిగి చూసుకుంటూ దాటింది.

మిల్లు గేటుకి గొలుసు. నది వైపు ప్రహరీ ఒకచోట కూలి ఉంది. చీర చెంగు నడుముకి దోపి, ఇటుకలు ఎక్కి దూకింది. లోపల మెట్లు కనపడ్డాయి. ఇనప మెట్లు. ఫోన్ లైటు వేసుకుని ఎక్కడం మొదలుపెట్టింది.

ఒక్కో అంతస్తూ ఒక్కో ఖాళీ. పొడుగాటి హాళ్ళు, వరసగా స్తంభాలు, యంత్రాలు ఊడదీసిన గుంటలు. పై అంతస్తు గుమ్మంలో ఆగి ఊపిరి పీల్చుకుంది.

ఎవరూ లేరు.

నేలంతా దుమ్ము — దట్టంగా, మెత్తగా. లైటు అటూ ఇటూ తిప్పి చూసింది. దుమ్ములో పావురాల గుర్తులు తప్ప ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. తను నడిచిన మేర మాత్రం తన చెప్పుల గుర్తులు పడుతున్నాయి.

మూగ కిటికీ దగ్గరకి వెళ్ళింది. కిటికీ గట్టు మీద కూడా దుమ్మే... కానీ రెండు చోట్ల లేదు. రెండు అరచేతులు ఆనేంత మేర, రాయి నున్నగా అరిగి మెరుస్తోంది.

భయం వేస్తే మా వాగుడుకాయ చేసే పని ఒకటే, నోరు చేసుకోవడం.

"ఎక్కడ నక్కావే?" అని ఆ ఖాళీ హాల్లో అరిచింది. "దెయ్యానివైనా సరే, ఆడదానివైనా సరే... నా మొగుణ్ణి నాకిచ్చెయ్యవే!"

స్తంభాల మధ్య పావురాలు లేచాయి. మళ్ళీ నిశ్శబ్దం.

అలా అరిచినందుకు దానికి తర్వాత ఎంత సిగ్గేసిందంటే, ఆ మాట మొగుడికి కూడా చెప్పలేదట. నాకే మొదటిసారి చెప్పింది.

కిటికీలోంచి చూస్తే నది అవతల తన ఇల్లు. బాల్కనీలో లైటు. లైటు కింద మొగుడు. పెదాలు కదుపుతున్నాడు. తనవైపే చూస్తున్నాడనుకుని చటుక్కున పక్కకి తప్పుకుంది. మళ్ళీ తొంగి చూసింది. కాదు... ఆయన చూపు ఇక్కడికి కాదు. ఇంకాస్త కిందికి.

ఉన్నట్టుండి ఆయన నవ్వాడు. తల వెనక్కి వేసి, భుజాలు ఎగరేసి నవ్వాడు. అలాంటి నవ్వు తన దగ్గర నవ్వి ఎన్నాళ్ళయిందో! కిటికీ పక్కన కూలబడి ఏడ్చింది. ఉన్నది దెయ్యమైనా బాగుండుననిపించిందట. దెయ్యానికైతే ఏదో ఒక మందో మంత్రమో ఉంటుంది.

కాసేపటికి ఏడుపు అయిపోయి కోపం వచ్చింది. కళ్ళు తుడుచుకుని, దడదడా మెట్లు దిగింది.

కింద, నది వైపు, పొదల వెనక ఒక గది. తలుపు ఓరగా ఉంది. లోపల దీపం.

మెల్లిగా తోసింది.

కిటికీ ముందు ఒక ఆడమనిషి — వీపు ఇటు, ముఖం నది వైపు. తల మీద గుడ్డ. కిటికీ అద్దంలో ఆమె ముఖం నీడ పడుతోంది. నోరు తెరుచుకుంటోంది... మూసుకుంటోంది... గొంతు లేదు.

"ఎవరు నువ్వు?" అంది వాగుడుకాయ.

తిరగలేదు.

"నిన్నే! ఎవరు నువ్వు?" ఈసారి అరిచింది.

తిరగలేదు. చేతులు గాల్లో తిరుగుతున్నాయి. అద్దంలో నోరు తెరుచుకుంటోంది... మూసుకుంటోంది...

ముందుకెళ్ళి, ఆ భుజం ముట్టుకుంది.

కెవ్వున కేక!

కేక వేసింది మా చెల్లెలు కాదు. ఆవిడ. కేక వేసి, గుండె మీద చెయ్యి వేసుకుని, కుర్చీలో కూలబడింది. దవడలు లోపలికి పోయిన ముసలావిడ.

"చంపేశావు కదే అమ్మాయ్!" అంది గది అదిరిపోయేలా. "ముందుకొచ్చి కనపడాలి గానీ అలా వెనకనుంచి ముట్టుకుంటారా చెవిటిదాన్ని!"

ఆవిడ మిల్లు వాచ్‌మన్ తల్లి. వయసంతా నేత షెడ్డులోనే గడిచింది. ఇప్పుడు మా వాగుడుకాయ చాప పరుచుకున్న చోటే ఎక్కడో ఆవిడ మగ్గం ఉండేది. అన్ని మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పిడుగు పడ్డా వినపడదట. అందుకని ఆడవాళ్ళంతా పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళు. గొంతు వాడటం ఎందుకు, దండగ! పని దిగాక కూడా అదే అలవాటు. ఈ ఒడ్డున నూలు వడికేవాళ్ళూ, ఆ ఒడ్డున నేసేవాళ్ళూ కిటికీల్లో నిలబడి నది మీదుగా కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

"మేనేజరు ఎదురుగా నిలబడి మేనేజరునే తిట్టేవాళ్ళం" అంది అవ్వ. "ఏదో పాడుకుంటున్నాం అనుకుని నవ్వుతూ పోయేవాడు పాపం!"

వాగుడుకాయ నవ్వలేదు. "మా ఆయనతో మీకేం పని?" అంది.

అవ్వ దాని పెదాల వైపు చూస్తోంది. రెప్ప వెయ్యకుండా. అచ్చం ఆయన చూసినట్టే.

అప్పుడు... దానికి మెల్లిగా వెలిగింది.

"మా అబ్బాయి పంపు మోటారు చెడిపోతే బాగుచెయ్యడానికొచ్చాడు మీ ఆయన" అంది అవ్వ. "నేను మాట్లాడుతుంటే నా నోరే చూస్తున్నాడు. మొదటిరోజే పట్టేశాను. బాబూ, నీకు ఎన్నాళ్ళనుంచి వినపడటం లేదూ అన్నాను. అంతే, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పడవల ఇంజన్ గదుల్లో పని కదా. మగ్గాలు నన్ను తిన్నాయి, ఇంజన్లు వాణ్ణి తింటున్నాయి."

"మరి... ఇక్కడికి రాకుండా అంత దూరంనుంచి ఎందుకు?"

"పక్కన కూర్చోబెట్టి నేర్పితే ఉన్న కాస్త వినికిడితో నెట్టుకొచ్చేస్తాడు. మధ్యలో నది ఉందనుకో, కంటికి పని తప్పదు. ఇంకో పది మాటలు నేర్పు అవ్వా, మా ఆవిడ మాటలు చాలా ఉంటాయి అని రోజూ గోల."

వాగుడుకాయ కిటికీలోంచి చూసింది. అవతల బాల్కనీలో ఆయన కొయ్యబారి నిలబడి ఉన్నాడు. అవ్వ పక్కన పెళ్ళాం కనపడింది మరి!

"మాట్లాడు" అని అవ్వ దాన్ని దీపం వెలుగులోకి తోసింది. "వాడికి కనపడేట్టు మాట్లాడు."

పుట్టి బుద్ధెరిగాక మా వాగుడుకాయకి మాట తట్టకపోవడం అదే మొదలు. చాలాసేపటికి పెదాలు పెద్దవి చేసి, మెల్లిగా అంది — ఎందుకు చెప్పలేదు?

అవతల ఆయన పెదాలు కదిలాయి. దీనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అవ్వ వైపు చూసింది.

అవ్వ అరిచే గొంతు తగ్గించి, చూసింది చూసినట్టు చెప్పుకొచ్చింది. "ఇంజన్ల శబ్దంలో తేడా పట్టలేకపోతున్నానంటే పనిలోంచి తీసేస్తారు, ఆ భయం ఉంది... అంటున్నాడు. కానీ అది కాదు... నీ గొంతు నాకు వినపడటం లేదని నీతో ఎలా చెప్పను... చెప్తే నువ్వు నాతో మాట్లాడటం మానేస్తావేమోనని... నువ్వు మానేస్తే ఇంట్లో నాకింక ఏముంటుంది... అంటున్నాడు."

మా చెల్లెలు అక్కడే, ఆ కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చింది. అవతల ఆయన కూడా. మధ్యలో ముసలావిడ, ఎటు చూడాలో తెలియక, దీపం వత్తి సవరించుకుంటూ కూర్చుందట.

అదీ సంగతి. తర్వాత చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. పోయింది తిరిగి రాదన్నాడు, మిగిలింది కాపాడుకోమన్నాడు. చెవి మిషన్ పెట్టాడు. మా మరిది పనిచేసే చోట ఆయనే ఉన్న మాట చెప్పేశాడు. ఇంజన్ గదుల్లోంచి తప్పించి, విడిభాగాలు విప్పి బిగించే బల్ల దగ్గర వేశారు. వాగుడుకాయ కూడా అవ్వ దగ్గర పెదాల మాట నేర్చుకుంది. ఇప్పుడు దీపం వెలిగించుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. టీ కొట్టాయన మాత్రం ఇంకా నమ్మడు.

ఇదంతా అది నాకు చెప్పింది ఆ బాల్కనీలోనే, మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు. పొద్దు వాలుతోంది. ఎదురుగా నది, అవతల మిల్లు, కింద పొదల మధ్య అవ్వ గది కిటికీ.

"అంటే మీ పేట దెయ్యం అవ్వన్నమాట" అన్నాను నవ్వుతూ.

వాగుడుకాయ నవ్వలేదు. కాసేపు నోరు మూసుకుని కూర్చుంది. అది నోరు మూసుకుంటే నాకు భయం వేస్తుంది.

"నేనూ అలాగే అనుకున్నా. వంటగదిలోంచి చూసినప్పుడు పై కిటికీలో కనపడ్డారేంటి అవ్వా, పైకి ఎందుకెక్కుతారూ అని అడిగా" అంది. "అవ్వ తన మోకాళ్ళు చూపించింది. ఆ మెట్లెక్కి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదట."

"చీకట్లో ఏదో చూసి ఏదో అనుకుని ఉంటావు."

"అదే అనుకున్నా." గొంతు తగ్గించింది. "పోయినవారం ఇక్కడే బట్టలు తీస్తున్నా. అవ్వ ఊళ్ళో లేదు, కింద గదికి తాళం. తల ఎత్తి చూస్తే... పైన మూగ కిటికీలో ఆమె ఉంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఇప్పుడు నాకు చదవడం వచ్చు కదక్కా..."

"ఏమంది?"

వాగుడుకాయ తల తిప్పి లోపలికి చూసింది. గదిలో మా మరిది వీపు ఇటు పెట్టి ఏదో మరమ్మతు చేసుకుంటున్నాడు. అయినా అది గొంతు వాడలేదు. పెదాలు పెద్దవి చేసి, ఒక్కో మాటా సాగదీసి, నాకు కూడా అర్థమయ్యేట్టు అంది.

నీ మొగుణ్ణి... నేను... తీసుకోలేదమ్మా.